కుమారి కృ. మేధ గారి సమ్మతి

ఆ విశ్వవిద్యాలయం పేరు చెప్పడం కుదరదు. చెబితే పరువునష్టం దావా వేస్తారు, చెప్పకపోతే ఎవరికి వాళ్లు మా ఊళ్లోదే అనుకుంటారు. రెండోదే నయం. గోదావరికి ఇటుపక్కో అటుపక్కో ఉందనుకోండి, కథకి అంత చాలు.

అందులో తత్వశాస్త్ర విభాగమనేది ఒకటుంది. గ్రంథాలయం వెనక సైకిల్ స్టాండు దాటి వెళ్తే రెండు గదులు కనిపిస్తాయి. ఒక గదిలో ఆచార్య పరబ్రహ్మం గారు ఉంటారు. రెండో గదిలో వానాకాలమంతా వాన ఉంటుంది. ఆ రెండో గదిలో బకెట్టు పక్కన కుర్చీ వేసుకుని బొంతు హేమనళిని ఎనిమిదేళ్లుగా ఒకే ఒక్క ప్రశ్న పట్టుకుని కూర్చుంది. కంప్యూటరు తనంతట తాను ఒక నిర్ణయం తీసుకుని, దానివల్ల ఎవరికైనా అన్యాయం జరిగితే తప్పెవరిది? రేషన్ జాబితాలోంచి ఒక ముసలమ్మ పేరు ఎగిరిపోయిందనుకోండి. ఆవిడ ఎవరి గుమ్మం ముందు నిలబడి ఏడవాలి? తయారుచేసినవాడి ముందా, కొన్నవాడి ముందా, మీట నొక్కినవాడి ముందా, కంప్యూటరు ముందేనా? నళిని మూడు వందల పేజీలు రాసి చివరికి తేల్చింది ఒక్కటే మాట. యంత్రానికి బాధ్యత అంటగట్టడం కుదరదు, బాధ్యత మనుషులదే.

ఆవిడ మొదలుపెట్టిన రోజుల్లో "ఇదేం సబ్జెక్టమ్మా, వేదాంతంలో కంప్యూటరేమిటి?" అని అందరూ జాలిపడేవారు. కాలం మారింది. ఈ ఏడు ఉపకులపతి గారు ఏదో సదస్సుకి వెళ్లొచ్చి, ఇది మన విశ్వవిద్యాలయానికి కృత్రిమ మేధా నామ సంవత్సరం అని ప్రకటించారు. ఇంకేముంది! వ్యాయామ విద్యావాళ్లు 'కృత్రిమ మేధ - కబడ్డీ' అని రెండు రోజుల సదస్సు పెట్టారు. సంస్కృతంవాళ్లు అది మనకి ఎప్పుడో ఉందని నిరూపించేశారు. క్యాంటీన్‌లో పెసరట్టుకి కొత్త పేరొచ్చింది గానీ అల్లప్పచ్చడి మాత్రం పాతదే. ఆ ఊపులోనే ఇంకో ఉత్తర్వు కూడా వచ్చింది. ఇకమీదట ఏ పరిశోధన గ్రంథమైనా నైతికతా సంఘం అనుమతి పత్రం లేకుండా స్వీకరించబడదు.

నళిని సంతోషించింది. నైతికత మీద పరిశోధన చేసినదానికి నైతికతా పత్రం దొరకడం ఎంతసేపు అనుకుంది. పిచ్చితల్లి!

ఆవిడకి గడువు ఆ నెల ఇరవై ఎనిమిదో తారీకు, శుక్రవారం, సాయంత్రం ఐదు గంటలు. పొడిగింపులు రెండూ అయిపోయాయి. ఆ గంట దాటితే నమోదు రద్దు, ఎనిమిదేళ్లూ నీళ్లపాలు. ఊళ్లో ఆవిడ పాఠాలు చెప్పే ప్రైవేటు డిగ్రీ కాలేజీ ప్రిన్సిపాలు ముందే చెప్పేశాడు: "జూన్ నాటికి డాక్టరేట్ చూపించండి మేడమ్. లేదంటే మీ చోట వేరేవాళ్లని చూసుకుంటాం. మా మీదా ఒత్తిడుంది." అందుకని పదిహేడో తారీకునే, పదకొండు రోజులు చేతిలో ఉండగానే, నీలం అట్టలు వేయించిన ఐదు ప్రతులు చంకన పెట్టుకుని పరిశోధనా సెక్షనుకి వెళ్లింది.

సెక్షను సూపరింటెండెంటు గన్ని అబ్బులు గారు. మంచివాడు. ఎవరొచ్చినా కూర్చోమంటాడు, మంచినీళ్లిప్పిస్తాడు, పని మాత్రం చెయ్యడు. ఆయన ఐదు ప్రతులూ తిప్పి చూసి, అట్ట మీద బంగారు అక్షరాలని వేలితో తడిమి మెచ్చుకున్నాడు.

"అన్నీ దివ్యంగా ఉన్నాయమ్మా. ఒక్కటే తక్కువండి. నైతికతా సంఘం అనుమతివ్వాలంటే ఎవరి మీద పరిశోధన చేశారో వాళ్ల సమ్మతి పత్రం ఉండాలి. మేధగారిది పెట్టలేదు మీరు."

"ఏ మేధగారండీ?"

"బాగుందమ్మా! ఎనిమిదేళ్లుగా ఆవిడ మీద పరిశోధన చేసి ఏ మేధగారంటారేంటి?"

ఆయన రిజిస్టరు ఆవిడ వైపు తిప్పాడు. పరిశోధకురాలు: బొం. హేమనళిని. పరిశోధనాంశం: కుమారి కృ. మేధ, నైతిక బాధ్యత.

జరిగిందేమిటంటే, అబ్బులు గారి రిజిస్టరులో ఆ గడి రెండంగుళాలే ఉంటుంది. 'కృత్రిమ మేధ - నైతిక బాధ్యత: ఒక తాత్విక పరిశీలన' అందులో పట్టదు. పట్టనివన్నీ కుదించడం ఆ సెక్షను ఆనవాయితీ. ఇంటిపేరులో మొదటి అక్షరం, చుక్క, తరవాత పేరు. గన్ని అబ్బులు గ. అబ్బులు అయినట్టే కృత్రిమ మేధ కృ. మేధ అయింది. ఆ పేరు రిజిస్టరులోంచి కంప్యూటరులోకి ఎక్కించేటప్పుడు శ్రీ, శ్రీమతి, కుమారి అని మూడు గడులు వచ్చాయి, ఏదో ఒకటి నొక్కితే గానీ ముందుకి కదలదు.

"శ్రీమతి అని నొక్కితే భర్తగారి పేరడిగిందమ్మా. మనకి తెలీదు కదా. అంచేత కుమారి అని పెట్టాం, రిజిస్టర్లోనూ ముందు అదే చేర్చాం" అన్నాడు అబ్బులు గారు, ఎంతో జాగ్రత్త పడ్డవాడిలా.

"అబ్బులుగారూ, మేధంటే మనిషి కాదండీ. కంప్యూటరు. కృత్రిమమైన మేధ. ఉపకులపతిగారు రోజూ చెప్పేది అదే కదా!"

"ఆ కృత్రిమ మేధ వేరమ్మా, అది ఉత్తర్వుల్లో ఉంటది. ఈవిడ రిజిస్టర్లో ఉన్నారు."

"అయితే దిద్దెయ్యండి."

అబ్బులు గారు కళ్లజోడు తీసేశాడు. "దిద్దితే ఎందుకు దిద్దావంటారు. తప్పు పడింది కాబట్టి దిద్దానంటాను. తప్పెవరు రాశారంటారు. ఇరవై ఆరేళ్ల సర్వీసమ్మా నాది. ఇంతవరకూ నా సెక్షన్లో తప్పన్నది జరగలేదు. మీరు పోయి మేధగారి సంతకం తెచ్చుకోండి. ఎంతసేపు?"

నళిని ఇది ఒక్క మాటతో తేలిపోయే గొడవే కదా అని ధైర్యం చెప్పుకుని తన గైడు పరబ్రహ్మం గారి గదికి పరుగెత్తింది. ఆయన అంతా విని, చాలాసేపు కళ్లు మూసుకున్నారు. ఆ వచ్చే నెలే ఆయన పదవీ విరమణ.

"నళినీ, మేధ ఉన్నదా అంటే వ్యవహారంలో ఉన్నది. పరమార్థంలో లేదు."

"పరమార్థం నాకొద్దు సార్. లేదని మీరు సంఘానికి ఒక్క మాట చెప్పండి చాలు."

"చెప్పడానికి నేనెవరిని?"

"మీరు నా గైడు సార్!"

"అదీ వ్యవహారంలోనే" అన్నారాయన. ఆవిడ చేత ఒక అర్జీ రాయించుకుని కింద 'సమర్పించడమైనది' అని మాత్రం రాసి నైతికతా సంఘానికి పంపించారు.

నైతికతా సంఘం పుట్టుపూర్వోత్తరాలు కొంచెం చెప్పాలి. ఔషధశాస్త్రంవాళ్లు ఎలుకల మీద మందులు ప్రయోగిస్తుంటే, వాటికి బాధ తెలియకుండా చూడ్డానికి పుట్టిన సంఘమది. అధ్యక్షులు ఆచార్య ఉగ్రనారాయణ గారు, జంతుశాస్త్రం. ఎలుకలంటే ఆయనకి ప్రాణం. మనుషులంటే పెద్దగా అలవాటు లేదు. సంఘం ఫారంలో రెండే గడులున్నాయి: (అ) మనిషి, (ఆ) జంతువు.

"సూటిగా చెప్పండమ్మా. మీ మేధ అ-నా, ఆ-నా?" అన్నారు ఉగ్రనారాయణ గారు.

"రెండూ కాదండీ. యంత్రం."

"యంత్రానికి గడి లేదు. మేము సంఘ నిబంధనావళికి లోబడి మాత్రమే ఆలోచించగలం. పోనీ, అది మాట్లాడుతుందా?"

"మాట్లాడుతుందండి, కానీ..."

"తెలుగేనా?"

"తెలుగు కూడా మాట్లాడుతుంది."

"అయితే జంతువు కాదు" అని ఆయన (అ) దగ్గర టిక్కు పెట్టేశారు. పక్కన కూర్చున్న సభ్యులు ముగ్గురూ, ఒక చిక్కు విడిపోయినందుకు, బిస్కట్లు అందుకున్నారు.

నళిని ఇక లాభం లేదనుకుని తన ఫోను తీసింది. "మీరే వినండి సార్" అని అందులో ఉన్న కృత్రిమ మేధనే అడిగింది, నీ మీద పరిశోధనకి నువ్వు సమ్మతి ఇస్తావా అని. ఫోనులోంచి మెత్తటి ఆడగొంతు వచ్చింది: "క్షమించండి. నేను మనిషిని కాను. సమ్మతి ఇచ్చే అధికారం నాకు లేదు. మీకు మరేదైనా సహాయం కావాలా?"

ఉగ్రనారాయణ గారి కళ్లు చెమర్చాయి.

"విన్నారా! నేను మనిషిని కాను అంటోంది. ఎంత నలిగిపోతే ఒక ఆడపిల్ల ఆ మాటంటుంది! అధికారం లేదట! ఇంత బాధలోనూ ఇంకేదైనా సహాయం కావాలా అని అడుగుతోంది. నా సర్వీసులో కుందేళ్లు కూడా ఇంత సాధువుగా ఉండగా చూడలేదు."

"సార్, అది..."

"అది అనకండి. ఆవిడ అనండి." ఆయన ఫైలు మీద చెప్పి రాయించారు: 'పై సందర్భమును పురస్కరించుకొని తెలియజేయునది ఏమనగా, సదరు కుమారి కృ. మేధ స్వేచ్ఛగా సమ్మతి తెలుపు స్థితిలో లేనట్లు ప్రాథమికముగా ద్యోతకమగుచున్నందున, విషయము మహిళా రక్షణ విభాగమునకు బదిలీ చేయడమైనది.'

అప్పటికి ఇంకా తొమ్మిది రోజులున్నాయి.

మహిళా రక్షణ విభాగం అధ్యక్షురాలు ఆచార్య విశాలాక్షి గారు నిజానికి చాలా పనిచేసిన మనిషి. హాస్టలు పిల్లలని ఏడిపించిన ఇద్దరు ముగ్గురిని ఆవిడే ఇంటికి పంపించింది. పని విషయంలో ఆవిడకి నిద్రాహారాలుండవు. రెండు రోజుల్లో నళిని గ్రంథం మొత్తం చదివేసింది. మొత్తం చదివిన మొదటి మనిషి ఆవిడే, పరబ్రహ్మం గారితో కలిపి లెక్కేసినా. చదివిందన్న సంతోషం మాత్రం నళినికి దక్కలేదు, ఎందుకంటే విశాలాక్షి గారు ఎర్రసిరాతో గీతలు గీసి తెచ్చింది.

"పేజీ నలభై ఒకటి. 'మేధకు స్వంత బుద్ధి లేదు, నేర్పినదే తిరిగి పలుకుతుంది.' నువ్వే రాశావా?"

"నేనే మేడమ్. అది..."

"ఎనభై ఎనిమిది. 'మేధ ఎంత తియ్యగా మాట్లాడినా నమ్మరాదు.' నూటపాతిక. 'మేధకు నేడు అవసరానికి మించిన స్వేచ్ఛ లభిస్తున్నది.' ఒక ఆడదానివయ్యుండి ఎలా రాశావమ్మా ఈ మాట?"

"మేడమ్, మేధంటే కంప్యూటరు మేడమ్!"

"నీలాంటివాళ్లకి ఆడపిల్లలందరూ యంత్రాలేలే." విశాలాక్షి గారు విసురుగా పేజీలు తిప్పింది. "రెండు వందల పన్నెండు చదువుతాను, విను. 'మేధ అదుపు తప్పితే దానిని తక్షణమే పూర్తిగా ఆపివేసే మీట యజమాని చేతిలో ఉండి తీరాలి.' ఆపివెయ్యడమేంటి? యజమానేంటి? ఎక్కడ పెట్టావమ్మా ఆ పిల్లని?"

నళినికి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ముందు ఏడుపే బయటికొచ్చింది. అది పశ్చాత్తాపమని నమోదైంది.

మహిళా రక్షణ విభాగం ఉత్తర్వు మర్నాడే వెలువడింది. కుమారి కృ. మేధకు లేడీస్ హాస్టల్లో పద్నాలుగో నంబరు గది కేటాయించబడింది. గుర్తింపు కార్డు తయారైంది, ఫోటో ఉండాల్సిన చోట 'త్వరలో' అని రాశారు. మూడో రోజుకల్లా వార్డెను నుంచి ఒక ఉత్తరం: 'సదరు కుమారి మేధ చేరినది మొదలు మెస్సులో భోజనము చేయుట లేదు. ఆమరణ నిరాహార దీక్షగా అనుమానము. తగు ఆదేశముల కొరకు.'

అంతే! ఈ ముక్క ఎలా పొక్కిందో గానీ విద్యార్థి సంఘాలు రెండూ లేచాయి. పరిపాలనా భవనం ముందు పక్కపక్కనే రెండు టెంట్లు వెలిశాయి. మేధ మా సంఘం సభ్యురాలంటే కాదు మా సంఘం సభ్యురాలని కొట్టుకున్నారు. ఒక టెంటులో ఆవిడకి మద్దతుగా రిలే నిరాహార దీక్ష మొదలైంది, టిఫినుకీ భోజనానికీ మధ్య. ఫ్లెక్సీ మీద మేధ బొమ్మ స్థానంలో ఎవరో పెళ్లి కార్డు మీది అమ్మాయి బొమ్మ వేశారు. చాలా కళగా ఉంది. దారిన పోయే ఆడవాళ్లు ఆగి చూసి అయ్యో అనుకుంటూ పోయారు.

నళిని మాత్రం కాళ్లకి బలపం కట్టుకుని తిరుగుతోంది. మేధ అనే మనిషి లేదని ఎక్కడైనా ఒక ధ్రువపత్రం దొరికితే చాలు. తహసీల్దారు ఆఫీసుకి వెళ్లింది.

"లేరు అంటే పోయారా అండి?" అన్నాడు అక్కడి గుమాస్తా.

"పోలేదు. అసలు పుట్టలేదు."

"పుట్టలేదని రాసివ్వాలంటే ఎప్పట్నుంచి పుట్టలేదో తారీకు కావాలండి. పైగా ఇలాంటివాటికి ఎవరి పేరు మీద పత్రమో వాళ్లే స్వయంగా రావాలి. ఆవిణ్ణి ఒకసారి తీసుకురండి, వేలిముద్ర వేయించుకుని లేరని ఇచ్చేస్తాం."

ఇరవై ఏడు, గురువారం. నళిని మళ్లీ అబ్బులు గారి ఎదుట కూర్చుంది. ఆయన మామూలుగానే మంచినీళ్లిప్పించి, తలుపు వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించాడు.

"అమ్మా, నా కూతురులాంటిదానివి. ఒక మాట చెప్తాను, తప్పుగా అనుకోకు. సమ్మతి పత్రంలో మేధగారి సంతకం ఎలా ఉంటదో ఈ లోకంలో ఎవరికన్నా తెలుసా?"

"తెలీదు."

"మరింకేంటమ్మా? నువ్వే పెట్టేసి పట్రా. నేను తీసేసుకుంటాను."

నళిని తిన్నగా ఉగ్రనారాయణ గారి దగ్గరికి వెళ్లి, ఇలా దొంగసంతకం పెట్టమంటున్నారండీ, మీరు నైతికతా సంఘం అధ్యక్షులు, మీరేమంటారు అని అడిగింది. ఆయన ఒక తెల్ల ఎలుకకి సెనగ గింజ తినిపిస్తూ తల తిప్పకుండా అన్నారు: "సంఘానికి సంతకం ఉందా లేదా అన్నదే ప్రధానం. ఎవరు పెట్టారన్నది నైతిక ప్రశ్న. అది మా పరిధిలోకి రాదు."

పరబ్రహ్మం గారు అయితే "పెట్టేదెవరు, పెట్టించేదెవరు!" అని పైకప్పు చూశారు.

సాయంత్రం ఇంటికొచ్చి నళిని వంటింటి గట్టు మీద సమ్మతి పత్రం పరిచింది. ఒక చిత్తుకాగితం మీద 'కృ. మేధ' అని రాసి చూసింది. గుండ్రటి అక్షరాలు, చదువుకున్న పిల్ల చేతిరాతలా ముచ్చటగా వచ్చింది. రెండోసారి ఇంకా బాగా వచ్చింది. ఎనిమిదేళ్ల చదువు, జూన్‌లో ఉద్యోగం, అన్నీ ఆ రెండు ముక్కల్లో ఉన్నాయి. ఎవరికీ నష్టం లేదు, లేని మనిషికి నష్టమేమిటి? ఈ వాదన ఆవిడకి బాగా తెలుసు. తన గ్రంథం మూడో అధ్యాయంలో పాతిక పేజీలు పెట్టి ఖండించింది సరిగ్గా దాన్నే. నళినికి తన మీద తనకే రోత పుట్టింది. చిత్తుకాగితాన్ని స్టవ్ మీద కాల్చేసి, ఒక తెల్లకాగితం తీసుకుని ఇలా రాసింది:

'కృ. మేధ అనే మనిషి లేదు. ఆ పేరు ఆఫీసు రాతలో పుట్టింది. అందువల్ల సమ్మతి పత్రం జతచేయడం లేదు. ఈ మాట నిజమని చెబుతున్నది నేను. దీనికి పూర్తి బాధ్యత నాది. బొంతు హేమనళిని.'

శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి అత్యవసర సమావేశం. రిజిస్ట్రారు గారు మధ్యలో, ఉగ్రనారాయణ గారు, విశాలాక్షి గారు అటూ ఇటూ, చివర్న పరబ్రహ్మం గారు. రికార్డు పట్టుకుని అబ్బులు గారు నిలబడ్డాడు. రిజిస్ట్రారు గారు ఆ కాగితం చదివి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివారు.

"బాధ్యత నాది అని రాసిందేమిటయ్యా?"

"అవునండి. కింద సంతకం కూడా పెట్టారండి" అన్నాడు అబ్బులు గారు.

"సొంత సంతకమే?"

"సొంతదేనండి. తారీకు కూడా వేశారు."

కాగితం చేతులు మారింది. ఒక్కొక్కరూ చూసి పక్కవారికి అందించారు, కొంచెం భయంగా. విశ్వవిద్యాలయం పుట్టి నలభై ఏడేళ్లయింది. ఇన్నేళ్లలో 'తగు చర్య నిమిత్తం' అన్న కాగితాలున్నాయి, 'నా దృష్టికి రాలేదు' అన్నవి ఉన్నాయి, 'అప్పటి అధికారి ఇప్పుడు లేరు' అన్నవి గదులకి గదులున్నాయి. 'బాధ్యత నాది' అన్న కాగితం ఒక్కటీ లేదు. దాన్ని ఏ ఫైల్లో పెట్టాలో అబ్బులు గారికే తెలియలేదు.

విశాలాక్షి గారికి మాత్రం ఏదో తట్టినట్టుంది. నళిని ముఖంలోకి పరీక్షగా చూసి, "అయితే ఆ పిల్ల నిజంగానే లేదా?" అంది, వచ్చిన కోపమంతా ఎక్కడ దింపుకోవాలో తెలియనట్టు.

"లేదు మేడమ్."

"మెస్సులో తినకపోవడం..."

"అందుకే మేడమ్."

విశాలాక్షి గారు తల వంచుకుని ఎర్రసిరా కలం మూత పెట్టేసింది.

రిజిస్ట్రారు గారి ముఖం మాత్రం వెలిగిపోతోంది. "బాధ్యత ఒకరు స్వీకరించారు కాబట్టి, ఇక మేధగారు ఉన్నా మనకి ఇబ్బంది లేదు, లేకున్నా ఇబ్బంది లేదు. నైతిక అనుమతి మంజూరు. అబ్బులూ, ఆ పెండింగు ఫైళ్లు పట్టుకురా."

అబ్బులు గారు ఇద్దరు అటెండర్ల సాయంతో ఫైళ్ల కట్టలు తెచ్చి బల్ల మీద దింపాడు. అన్నిటి మీదా ఒకే మాట: బాధ్యత నిర్ధారణ. సభామందిరం పైకప్పు ఊడి పడింది, బాధ్యులెవరు? ప్రశ్నపత్రం పరీక్షకి ముందురోజు జిరాక్సు షాపులో దొరికింది, బాధ్యులెవరు? ఇరవై మూడు ఫైళ్లు.

"నువ్వు ఎలాగూ తీసుకునే మనిషివి కదమ్మా" అన్నారు రిజిస్ట్రారు గారు ఎంతో వాత్సల్యంగా. "ఇదే వాక్యం వీటన్నిటి మీదా రాసేస్తే సంస్థకి సేవ చేసినదానివవుతావు."

నళిని పై ఫైలు తెరిచింది. "సార్, ఈ పైకప్పు పడేటప్పటికి నాకు ఆరేళ్లు. నేను మా ఊళ్లో ఒకటో తరగతి చదువుతున్నాను."

"నేరం ఒప్పుకోమనట్లేదమ్మా. బాధ్యతే."

"రాయను సార్."

ఆ మాట ఆవిడ పెద్దగా అనలేదు. కానీ ఇంకోసారి అడగబుద్ధి కానట్టుగా అంది. రిజిస్ట్రారు గారు ఫైళ్లు పక్కకి జరిపించి గ్రంథం చివరి పేజీ తిప్పారు. గోడ గడియారం నాలుగూ పది చూపిస్తోంది.

"సరే, వాటి సంగతి తరవాత. మీ గ్రంథం ఈ రోజే స్వీకరిస్తాం. చిన్న సవరణ మాత్రం ఉంది. చివర ఏం రాశారు? 'యంత్రం వల్ల జరిగే తప్పుకు బాధ్యత మనుషులదే.' మనుషులంటే ఎవరమ్మా?"

"తయారుచేసినవాళ్లు, కొన్నవాళ్లు, వాడమని ఉత్తర్వులిచ్చినవాళ్లు. అందరూనండి."

"అదే వస్తోంది చిక్కు. ఈ సంవత్సరం విశ్వవిద్యాలయం పదకొండు కృత్రిమ మేధలు కొన్నది. ఉత్తర్వులిచ్చింది మేము. మనుషులు అని బహువచనంలో రాస్తే అందులో మేమంతా వస్తాం. పరిశోధన అన్నాక నిర్దిష్టత ఉండాలి. కాబట్టి 'మనుషులదే' అన్నది కొట్టేసి, 'బొంతు హేమనళినిదే' అని రాయండి."

"మిగతా వాదనకి ఏ హానీ లేదు" అన్నారు పరబ్రహ్మం గారు కళ్లు మూసుకునే.

"ఒక్క మాటేగా. ఎలుకల విషయంలోనూ మేమిలాగే రాయిస్తాం" అన్నారు ఉగ్రనారాయణ గారు.

నళిని ఐదు ప్రతుల వంకా చూసింది. ఒక్క మాట కొట్టేసి ఒక్క పేరు రాస్తే అయిపోతుంది. రాయకపోతే ఎనిమిదేళ్లు పోతాయి. ఆవిడకి ఎక్కడలేని కోపం వచ్చింది. కోపం వచ్చాక ఆవిడ గొంతు చల్లగా అయిపోయింది.

"అలాగేనండి. సవరణ చెయ్యమన్న ఆదేశం కాగితం మీద రాసి, కింద ఎవరో ఒకరు సంతకం పెట్టి ఇవ్వండి. ఇక్కడే కూర్చుని ఐదు ప్రతుల్లోనూ మార్చేస్తాను."

గదిలో కుర్చీలు కిర్రుమన్నాయి.

"సంతకమెందుకమ్మా, నోటిమాట చాలదా?" అన్నారు రిజిస్ట్రారు గారు.

"చాలదండి. రేపు పరీక్షకులు నన్నడుగుతారు, ఎవరు మార్చమన్నారని. మీ పేరు చెప్పాలి కదండీ."

రిజిస్ట్రారు గారు చేతిలోని కలాన్ని జేబులో పెట్టుకుని, "ఇది విద్యాసంబంధమైన విషయం. గైడుగారు పెట్టాలి" అన్నారు. గైడుగారు అప్పటికే సమాధిలోకి వెళ్లిపోయారు. ఉగ్రనారాయణ గారు వాచీ చూసుకుని, ఎలుకలకి మేత వేళయిందని లేచారు. విశాలాక్షి గారు నళిని భుజం మీద ఒక్క క్షణం చెయ్యి వేసి వెళ్లిపోయింది. రిజిస్ట్రారు గారికి ఫోను వచ్చింది. మోగినట్టు ఎవరికీ వినపడలేదు గానీ ఆయన మాట్లాడుతూ వరండాలోకి నడిచి, మాట్లాడుతూనే కారెక్కారు. పరబ్రహ్మం గారు కళ్లు తెరిచి చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకుని, ఆయనా నెమ్మదిగా వెళ్లారు.

నాలుగూ యాభై. గదిలో నళిని, అబ్బులు గారు, ఐదు నీలం ప్రతులు, ఇరవై మూడు ఫైళ్లు.

"సవరణ ఆదేశం రాలేదు కాబట్టి సవరణ లేదు. అనుమతి మంజూరని నలుగురి ముందూ అన్నారు కాబట్టి అనుమతి ఉంది. ఇటివ్వమ్మా" అన్నాడు అబ్బులు గారు.

ఐదు ప్రతుల మీదా 'అందినది' అన్న ముద్ర దభీ దభీమని వేశాడు. ఆఖరి ముద్రకి నాలుగూ యాభై ఏడు. నళిని ఆ చప్పుడుకి కుర్చీలో కూలబడి పమిటతో ముఖం కప్పుకుని ఏడ్చేసింది. అబ్బులు గారు మంచినీళ్లు తెచ్చి పక్కన పెట్టి, ఆవిడ తేరుకునేదాకా కిటికీలోంచి టెంట్లు చూస్తూ నిలబడ్డాడు. ఆ తరవాత రసీదు రాసి, దాని మీదా ముద్ర వేసి చేతికిచ్చాడు.

నళిని కళ్లు తుడుచుకుని రసీదు చూసింది. ముద్ర ఉంది. కింద గీత మీద ఖాళీ.

"సంతకం పెట్టలేదేమండీ?"

"ముద్ర వేశాను కదమ్మా. ముద్రంటే యూనివర్సిటీ తీసుకున్నట్టు. సంతకమంటే నేను తీసుకున్నట్టు."

"మరి రేపు ఎవరైనా నా థీసిస్ అందనే లేదంటేనో?"

అబ్బులు గారు ఇరవై ఆరేళ్ల సర్వీసులో మొదటిసారి ఆఫీసు టైములో గట్టిగా నవ్వాడు.

"అనడానికేం, ఎవరన్నా అంటారమ్మా. అందలేదని రాసి కింద సంతకం పెట్టే మొనగాడు ఇక్కడ ఎవడున్నాడు?"